కొరియా సినిమాలో సూర్యారావు

"ఒరే సూర్యారావూ, సినిమాకెక్కేసినావు గదరా!"

ఫోన్లో పాత నేస్తం కొండలరావు పడీ పడీ నవ్వుతున్నాడు.

"ఏ సినిమారా?"

"కొరియా సినిమా. మన డబ్ల్యూఆర్ఎస్ కాలనీ, నీ మీసం, నీ లుంగీ, నీ నోరు... అన్నీ దింపేసినారు. కాలనీ అంతా సూసేసింది, నువ్వొక్కడివే బాకీ."

సూర్యారావుకు ఒళ్ళు మండిపోయింది. రాయ్‌పూర్ డబ్ల్యూఆర్ఎస్ రైల్వే వర్క్‌షాపులో ముప్పై ఏళ్ళు వ్యాగన్లు బాగుచేసి రిటైరైన మనిషి. నలుగురిలో నవ్వులపాలు కావడం కంటే చావే నయమనుకునే రకం.

"ఫణీ! ఆ సినిమా పెట్టు. వకీలుకి సూపించి కేసేసేస్తాను."

కూతురు ఫణిశ్రీ టీవీలో పెట్టింది. కింద పడే ఇంగ్లీషు అక్షరాలను తెలుగులో చెప్పసాగింది.

పరదేశంలో ఉంటున్న ఒక చిత్రకారుడి కథ. నవ్వులాటగా తీశారు. కొరియా నుంచి రాయ్‌పూర్ వచ్చి, రైల్వే కాలనీలో ఓ రేకుల గదిలో అద్దెకు దిగుతాడు. రిక్షావాడితో బేరం కుదరక, అతణ్ణి కూర్చోబెట్టి తనే తొక్కుతాడు.

"ఆడే! మన ఎదురుగదిలో దిగిన చీనావోడే!" సూర్యారావు లేచి నిలబడ్డాడు.

"చీనా కాదు నాన్నా, కొరియా."

"ఏదైతే ఏటి!"

పదిహేనేళ్ళ కిందటి సంగతి. ఆ మనిషి తెల్లారేసరికి ఎదురుగది అరుగు మీద ఉండేవాడు. ఒళ్ళో కాగితాలు, చూపంతా సూర్యారావు ఇంటి వాకిలి మీద. వాకిట్లో సూర్యారావు భార్య చిన్నమ్మ వంగి ముగ్గేస్తూ ఉండేది. కాలనీలో గుసగుసలు మొదలయ్యాయి. ఒకరోజు సూర్యారావు బకెట్టెడు నీళ్ళు ముగ్గు మీద కుమ్మరించాడు. ఆ మనిషి పెట్టె రోడ్డు మీదికి గిరాటేసి, చెంప పగలగొట్టి తరిమేశాడు.

ఇప్పుడు తెరమీద అదే గొడవ. మీసాలాయన నీళ్ళు కుమ్మరించి, అందులో తనే జారి వెల్లకిలా పడ్డాడు.

ఫణిశ్రీకి నవ్వాగలేదు.

"నవ్వుతున్నావేటి? మీ అమ్మని గుడ్లప్పగించి సూసినోడే ఆడు!"

ఫణిశ్రీ ముఖం మారిపోయింది.

"అమ్మ మళ్ళీ ముగ్గెయ్యలేదు నాన్నా. నీకు తెలుసా? పన్నెండేళ్ళు. పోయేదాకా ఎయ్యలేదు. పండక్కి కూడా బజారు స్టిక్కరే అతికించింది."

"నానొద్దన్నానేటి?"

"చెయ్యి విరిచేస్తానన్నావు. తలుపు వెనకాలే ఉన్నాను, విన్నాను."

"బస్, చాలు! ముందు సినిమా సూడనియ్యి."

సినిమా ఆఖర్న అసలు మనిషే తెరమీదికి వచ్చాడు. జుట్టు నెరిసింది. సియోల్‌లో ఏదో పెద్ద హాలు. నాలుగు గోడల నిండా ముగ్గులు. చుక్క తప్పకుండా కాగితాల మీదికి ఎత్తినవి.

మెలికల ముగ్గు. తాబేళ్ళ ముగ్గు. తన పుట్టినరోజున అమ్మ గంటసేపు కూర్చుని వేసిన నెమళ్ళ ముగ్గు. ఫణిశ్రీ ఒక్కొక్కటీ గుర్తుపట్టింది.

"మరాడు సూసింది..." సూర్యారావు తెరకేసి వేలు చూపించాడు.

"ముగ్గు! ముగ్గు సూశాడు నాన్నా!"

తండ్రి మీద ఆమె అరవడం అదే మొదలు. సూర్యారావు కుర్చీలో కూలబడ్డాడు.

తెరమీద విలేఖరి అడిగింది, ఇంత కళ ఎక్కడ నేర్చారని.

ఆయన తల వంచుకుని జవాబిచ్చాడు. ఫణిశ్రీ ఏడుస్తూనే ఒక్కో ముక్కా చదివింది.

"ఇవి నావి కావు, చూసి ఎత్తుకున్నాను. ఆ వాకిట్లో వంగి వేసినావిడ నా గురువు. పేరు అడిగే ధైర్యం ఏడాదిలో ఒక్కనాడూ రాలేదు. ఆమె భర్త నన్ను కొడుతూ ఆమెను పేరుపెట్టి తిట్టాడు, నా గురువుగారి పేరు చిన్నమ్మ అని నాకు అప్పుడే తెలిసింది."