క్లాసులో లేని తోడేలు

“తలుపు వేసి రా, తానెలీ,” అంది కెర్తూ.

తానెలి తలుపు వేసి వచ్చాడు. ఉత్తర ధ్రువానికి దగ్గరి ఊరు, చలికాలం; మధ్యాహ్నం మూడింటికే కిటికీ అవతల చీకటి కమ్మేసింది. ఆ పురపాలక కార్యాలయంలో కెర్తూ అతని పై అధికారి. బడిపిల్లల్లో ఎవరికి ఉచితంగా టాక్సీ పంపాలో తేల్చే ప్రోగ్రాం చూసుకునేది అతనే.

కెర్తూ కంప్యూటర్ తెరను అతని వైపు తిప్పింది. “ప్రోగ్రాంలో ‘విద్యార్థి’ అనే క్లాసులో, అదే పిల్లల వివరాల నమూనాలో, మనం రాసుకున్న లక్షణాలు మూడే. పేరు, ఇల్లు, బడికి దూరం. మరి ఈ ‘తోడేలు’ ఎక్కణ్ణుంచి ఊడిపడింది?”

“ప్రోగ్రాం రాసిన భాష పాత పీహెచ్‌పీ కదండీ... క్లాసులో లేకపోయినా బయటినుంచి ఏ విద్యార్థికైనా కొత్త లక్షణం తగిలించొచ్చు. అది నోరెత్తదు.”

“సోమవారం ఆ భాషకి కొత్త వెర్షన్ వస్తోంది. అది నోరెత్తుతుంది. ప్రతి తోడేలుకీ ఒక ఫిర్యాదు, నేరుగా తనిఖీవాళ్లకి! ఎవడి పని ఇది?”

తానెలికి దాచి లాభం లేదనిపించింది.

“నాదే. తోడేళ్లున్న అడవి దారైతే దూరం చూడకుండా టాక్సీ ఇస్తాం కదా, ఆ పేరే పెట్టాను.”

“మన ఊళ్లో తోడేలు మొహం చూసినవాడున్నాడా?”

“అడవి దారుల్లో దుంగలు మోసే లారీలున్నాయి కదండీ. ఐదు కిలోమీటర్లు దాటితేనే టాక్సీ అన్నాం; హిల్లా వాళ్లింటి నుంచి బడి దానికి రవ్వంత తక్కువ. ఏడేళ్ల పిల్ల. పొద్దున్నే చీకట్లో, ఆ మంచులో నడుస్తూ నా కారు కిందే పడబోయింది. ఏం చెయ్యమంటారు?”

“ఎవరికైనా చెప్పావా?”

“మా ఆవిడకి కూడా చెప్పలేదు.”

ఉద్యోగం ఊడినట్టే అనుకున్నాడు తానెలి.

“రాజీనామా ఇమ్మంటే ఇస్తాను. పిల్లలకి టాక్సీ మాత్రం ఆపకండి. ఈ చలికాలమైనా గడవనివ్వండి.”

“కూర్చో. ఆ పేరు క్లాసులోకి ఎక్కించు. అక్కడ రాసి ఉంటే కొత్త వెర్షన్ కిక్కురుమనదు. పక్కనే ‘ప్రమాదకరమైన దారి’ అని రాయి. ఎవరైనా అడిగితే నేను జవాబు చెప్పుకుంటాను.”

నమ్మలేకపోయాడు. ఆ వరుస కొట్టి, కొత్త వెర్షన్ మీద నడిపి చూశాడు. ఒక్క ఫిర్యాదూ రాలేదు. తోడేలు తగిలించిన పిల్లలు పదకొండు మంది అని తెర మీద పడింది.

తానెలి ఆ అంకెని వేలితో చూపించాడు. “ఇది తప్పండీ. నేను తగిలించింది ఆరుగురికే. ఒట్టు!”

కెర్తూ తలుపు వంక ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

“ఆ తోడేలు చూశాక, మిగతా ఐదుగురికీ నేనే తగిలించాను.”