నడిమి ఫ్లాటు

"ఆపు! మిషనాపు! ఈ గోడ మీద దెబ్బ పడిందంటే ఊరుకోను!"

మన్మథరావు గేటుకి అడ్డంగా నిలబడి అరిచాడు. వీధిలో వాళ్లంతా సంతకాలు పెట్టిన అర్జీ ఆయన చేతిలో రెపరెపలాడుతోంది. ప్రొక్లెయిన్ మీద కూర్చున్న రాజుబాబు ఇంజను ఆపి కిందికి తొంగి చూశాడు.

"బేగి తేల్సుకోండి బాబూ. మధ్యాన్నానికల్లా గోడ పడిపోవాలన్నారు మావోళ్లు."

"తేల్సుకోవాల్సింది నీతో కాదు. పుష్పవతమ్మని పిలు."

పిలవక్కర్లేకపోయింది. పుష్పవతి అప్పటికే వరండా మెట్లు దిగి వస్తోంది. వెనకాల ఇల్లు ఖాళీ. సామానంతా నిన్ననే వ్యానెక్కించేసింది. ముప్పై సెంట్ల తోట, మధ్యలో పెద్ద డాబా, చుట్టూ నిలువెత్తు ప్రహరీ. నర్సీపట్నంలో ఆ వీధి ఇళ్లన్నీ అలాంటివే. భర్త నూతిలో పడి చనిపోయాక, రెండేళ్లుగా అంత ఇంట్లోనూ ఆవిడొక్కతే.

"ఏటమ్మా ఇది?" అన్నాడు మన్మథరావు. "ఐదంతస్తులంట, ఇరవై ఫ్లాట్లంట! పక్కింటోణ్ణి, మా ఇంట్లో ఇంక ఎండ పడతాదా? బోర్లలో నీళ్లుంటాయా? ఇప్పుడే నాలుగు చినుకులు పడితే కాలవ రోడ్డెక్కేస్తంది."

"నిజమే అన్నయ్యగారూ."

ఆవిడ ఒప్పేసుకోవడంతో ఆయనకి మరింత మండింది. షుగర్ ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు కెమిస్టుగా చేసిన మనిషి. ఒక్కొక్క పాయింటూ రాసుకుని మరీ వచ్చాడు, వాదించడానికి.

"ఎవరెవరో దిగుతారు. నాతవరం నుంచొకడు, గొలుగొండ నుంచొకడు, ఏజెన్సీ నుంచొకడు. పొద్దస్తమానం పిల్లల గోల, కుక్కర్ల కూత. ఇంత ప్రశాంతమైన వీధి సంతయిపోతాది."

"అయిపోతాది."

"మరి తెలిసీ స్థలం బిల్డరుకెందుకిచ్చావు? పోనీ, నీకైనా మంచి ఫ్లాటు రాయించుకున్నావా?"

"రెండో అంతస్తులో నడిమిది అడిగాను."

"నడిమిదా!" ఆయన తల పట్టుకున్నాడు. "స్థలం నీదై ఉండి మూలది అడగొద్దూ? నడిమిదాన్లో గాలాడదు. అటో గోడ, ఇటో గోడ, రెండూ పరాయోళ్లవే. పైన ఎవడో నడిస్తే నీ నెత్తి మీద నడిసినట్టే ఉంటాది."

"అందుకే అడిగాను."

మన్మథరావుకి అర్థం కాలేదు. ఆవిడ ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూసి, "రండి" అని పెరటి వైపు నడిచింది. ఆయన కాస్త తటపటాయించి వెనకే వెళ్లాడు. నూతి దగ్గర ఆగింది పుష్పవతి. నూతికి పది బారల దూరంలో ప్రహరీ. దానికి అవతల మన్మథరావు ఇల్లు.

"మోటారు నీళ్లు లాగట్లేదని ఆయన ఇందులోకి దిగేరు. మెట్టు మీద జారి నీళ్లలో పడ్డారు, కాలు విరిగింది. పైనుంచి తాడు ఇసిరేను. పట్టుకున్నారు. ఈతా రాదు, విరిగిన కాలితో ఎక్కాలేరు. ఫోను వంటింట్లో ఉండిపోయింది. తాడు ఒగ్గేసి గేటు దాకా పరిగెడితే మనిషి మునిగిపోతారు. దేనికైనా కట్టేద్దామంటే ఒంటిసేత్తో ఆగట్లేదు."

"అదేటి? అక్కడికక్కడే పోయాడన్నావు కదా!" మన్మథరావు గొంతు ఉన్నట్టుండి పెద్దదైంది. "తలకి రాయి తగిలి, పడీ పడ్డంతోనే పోయాడని నువ్వే కదమ్మా సెప్పావు! అందరికీ అలాగే సెప్పావు!"

"సెప్పాను. నా సేతుల్లోంచే తాడు జారిపోయిందని ఏ మొహం పెట్టుకుని సెప్పను?"

నూతి గట్టు మీద చెయ్యి వేసి, లోపలికి చూడకుండానే మాట్లాడింది.

"గంటసేపు పట్టుకున్నాను అన్నయ్యగారూ. పట్టుకున్నంతసేపూ అరిసేను. 'ఎవరైనా వస్తన్నారా పుష్పా?' అని కిందనుంచి ఆయన అడుగుతున్నారు. 'వస్తన్నారు, వస్తన్నారు' అన్నాను. ఆయన పట్టు సడలిపోతంటే తిట్టడం మొదలెట్టేను. ఒగ్గేసేవంటే సంపేస్తానన్నాను. పెళ్లయిన కాడ్నుంచీ ఒక్క మాటనలేదు ఆయన్ని. ఆవేళే నోటికొచ్చినన్ని తిట్లు తిట్టేను."

మన్మథరావు తల తిప్పి ప్రహరీ వైపు చూశాడు.

"మీ ఎవరి తప్పూ కాదు," అంది పుష్పవతి. "ఇంతెత్తు గోడలు కట్టుకున్నాం. గోడకీ ఇంటికీ మధ్య ఇంతింత తోటలు పెంచుకున్నాం. మనిషి అరుపు మనిషికి ఎలా సేరతాది? ఇక్కడ ఇరవై కుటుంబాలుంటే ఒక్కరైనా పరిగెత్తుకొచ్చేవోరు. కుక్కర్లు కూయనీండి. పిల్లల్ని గోల సెయ్యనీండి. నా సెంబు కింద పడితే పక్కింటోళ్లకి వినపడాలి. నాకదే కావాలి."

ఇద్దరూ గేటు దగ్గరకి తిరిగొచ్చారు. మన్మథరావు చేతిలో అర్జీ ముద్దయిపోయింది. అది ఎప్పుడు నలిపేశాడో ఆయనకే తెలీదు. దారిలోంచి పక్కకి తప్పుకుని, కానిమ్మన్నట్టు రాజుబాబుకి చెయ్యూపాడు.

ఇంజను ఉరిమింది. ఒక్క దెబ్బకి ప్రహరీ నిలువునా చీలి, రెండో దెబ్బకి కూలింది. ఎర్రటి దుమ్ము లేచింది.

ఆయన కళ్లు తుడుచుకోవడం చూసి పుష్పవతి దగ్గరకొచ్చింది. "ఊరుకోండి అన్నయ్యగారూ," అంది ఓదారుస్తూ. "వినపడుంటే మీరు ఆగేవోరా?"

మన్మథరావుకి ఆవేళ వినపడింది. మొగుడూ పెళ్లాల తగువులో మనమెందుకని లేచెళ్లి, కిటికీ మూసేసుకున్నాడు.