పచ్చ టోపీ బాతు

"నాలుగింటికల్లా ఆట ఆపేయాలి," అని చెప్పేసి మేనేజరు తలుపు దాకా వెళ్ళాడు.

"లోపల ఇంకా ఒకరు ఆడుతున్నారండీ," అంది ఆమె.

మేనేజరు వెనక్కి వచ్చి తెర మీదికి వంగి చూశాడు. ఆడుతున్నవారి సంఖ్య దగ్గర ఒకటి అని ఉంది. ఒక్కరి కోసం సర్వర్లు నడపడమేమిటని విసుక్కున్నాడు. ఆ వెంటనే, మనుషులు లోపల ఉండగా ఆపితే ఫిర్యాదు వస్తుందని కూడా ఆయనే గుర్తు చేశాడు. ఫోన్ చేసి, మెల్లగా నచ్చజెప్పి బయటికి పంపమన్నాడు. వచ్చే సోమవారం నుంచి ఆమెను పై అంతస్తుకు మారుస్తామని పోతూ పోతూ చెప్పాడు.

అది ఒక పిల్లల సినిమా మీద తయారుచేసిన ఆన్‌లైన్ ఆట. చెరువు ఎండిపోతే సముద్రాన్ని వెతుక్కుంటూ బయలుదేరిన బాతు పిల్లల కథ. ఆడేవాళ్ళు ఒక్కొక్కరూ అందులో ఒక్కో బాతు. సినిమా ఆడినన్నాళ్ళూ ఆటా ఆడింది. రంగురంగుల టోపీలు పెట్టుకున్న బాతులతో పడవల రేవు కిటకిటలాడిపోయేది. ఆ సినిమా చూసిన పిల్లలకిప్పుడు మీసాలొచ్చాయి. ఆటను కనిపెట్టుకుని ఉండేందుకు ఈ గదిలో ఎనిమిది మంది ఉండేవారు. ఏడుగురు ఒక్కొక్కరే కొత్త ఆటలకు మారిపోయారు. వెళ్ళేటప్పుడు కుర్చీలు బల్లల కిందికి నెట్టి వెళ్ళారు. ఆ కుర్చీలను మళ్ళీ బయటికి లాగినవాళ్ళు లేరు. ఆమె మాత్రం పొద్దున వచ్చి, తలుపు పక్కనున్న ఒక్క లైటు వేసుకుని, సాయంత్రం దాకా ఎవరితోనూ పలకకుండా కూర్చుని, ఆ లైటు ఆర్పి వెళ్ళిపోయేది.

నంబరు వెతికి ఫోన్ చేసింది. అవతల కుట్టుమిషను చప్పుడు. కాసేపటికి అది ఆగి, ఒక పెద్దావిడ గొంతు పలికింది. ఇంట్లోనే బట్టలు కుడతానని, ఆట మొదట కూతురికోసం పెట్టించానని, కూతురు పెద్దదై దాని ఊసే మరిచిపోయినా తను మాత్రం వదలలేకపోయానని ఆవిడ అడక్కుండానే చెప్పుకొచ్చింది. మాట్లాడే మనిషి దొరికి ఎన్నాళ్ళయిందో పాపం.

ఆట ఇవాళ్టితో ఆగిపోతుందని ఆమె మెత్తగా చెప్పింది. ఆవిడ కోప్పడలేదు, బతిమాలలేదు.

"నాదేముందిలే అమ్మా. ఎప్పుడు పొమ్మంటే అప్పుడు పోతా. ముందు ఆ పాపకి చెప్పండి."

"ఏ పాపండీ?"

"రేవు దగ్గర కూర్చుంటుందే, పచ్చ టోపీ బాతు. నాలుగేళ్ళ నుంచీ చూస్తున్నా. దాన్ని ఒక్కదాన్నీ వదిలేసి నేను బయటికి రాలేను."

లోపల మీరు తప్ప ఇంకెవరూ లేరని ఆమె అంది. ఆవిడ ఒప్పుకోలేదు. ఆ బాతు రోజూ తొమ్మిదింటికి వస్తుందట. ఉన్నచోటి నుంచి కదలదట, ఎన్ని కబుర్లు చెప్పినా ఉలకదట, పలకదట. సాయంత్రం ఐదున్నరకి ఉన్నట్టుండి మాయమైపోతుందట. తల్లీ తండ్రీ పనుల్లోకి పోతూ, ఆట పెట్టిచ్చి ఇంట్లో ఒంటరిగా వదిలేసే పిల్ల అయివుంటుందని ఆవిడ అనుమానం. అందుకే మిషను పక్కనే ఫోన్ నిలబెట్టుకుని, తన బాతును తెచ్చి దాని పక్కన కూర్చోబెట్టి కుట్టుపని చేసుకుంటుందట.

ఆమె మరోసారి జాబితా అంతా వెతికింది. ఒక్క పేరే ఉంది. రెండో పేరు ఎంత వెతికినా లేదు.

"ఆదివారాలు రాదు," అని అవతల ఆవిడ ఆనవాళ్ళు చెబుతూనే ఉంది. "పండగ సెలవులకీ రాదు. పోయిన నెలలో నాలుగు రోజులు వరసగా రాలేదమ్మా. జ్వరమేమోనని నా ప్రాణం కొట్టుకుపోయిందనుకో."

జాబితా మీద ఆమె వేలు ఆగిపోయింది.

పోయిన నెల ఆ నాలుగు రోజులూ ఆమె దుప్పటి కప్పుకుని తన గదిలో పడుకుని ఉంది. తిరిగి ఆఫీసుకొచ్చిన రోజు ఎలా ఉందని అడిగినవాళ్ళు లేరు. రాలేదన్న సంగతే ఎవరికీ తెలియలేదు.

తెర మీద పరుచుకున్న విండోలను ఒక్కొక్కటే పక్కకి తోసింది. అన్నిటికీ అడుగున ఆట ఉంది. ఆట నడుస్తోందో లేదో చూసుకోవడానికి పొద్దునే తెరిచి, దాని మీద వేరే పనులు పరిచేసి, ఇంటికెళ్ళేటప్పుడు మూసేయడం ఆమెకు అలవాటు. కంపెనీవాళ్ళ బాతులు ఆడేవాళ్ళ లెక్కలో కనిపించవు. రేవు దగ్గర పచ్చ టోపీ పెట్టుకుని తన బాతు, దాని రెక్కకి రెక్క ఆనించి ఎర్ర టోపీ బాతు. మూలన ఇన్నేళ్ళుగా ఎవరూ తెరవని సందేశాలు. వాటిని తెరిచింది.

*వచ్చావా తల్లీ? ఇవాళ నాకు పది జాకెట్లున్నాయి కుట్టడానికి.*

*వాన పడుతోంది, కిటికీలు వేసుకో.*

*జ్వరం తగ్గిందా? నీకోసం చూసి చూసి కళ్ళు కాయలు కాశాయి.*

అలా కిందికి జరుపుతున్న కొద్దీ వస్తూనే ఉన్నాయి. ఒక్కదానికీ జవాబు లేదు.

"ఏమ్మా, దొరికిందా?" అని ఫోన్‌లో ఆవిడ ఆత్రంగా అడిగింది. "ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా ఉన్నారా దానికి?"



"దొరికిందమ్మా. ఇంట్లో ఎవరూ లేరు," అంది ఆమె. "ఆ పాపకి నలభై రెండేళ్ళు."