పెదవుల మీద మాట

“పాజిటివ్ వచ్చింది మేడం. కంగ్రాట్స్!”

ల్యాబ్ అమ్మాయి ఇంకా ఏదో చెబుతూనే ఉంది. రూపశ్రీ ఫోన్ గుండెకు హత్తుకుని నడింట్లో గిర్రున ఒక చుట్టు తిరిగింది. పెళ్ళై మూడు నెలలే. ఈ మాట ముందు ఎవరికి చెప్పాలి? శ్రీసిటీలో డ్యూటీలో ఉన్న భర్త మునికుమార్‌కా, మగ్గాల షెడ్డుకు వెళ్ళిన అత్తకా? ఇంట్లో ఉన్నది మామ ఒక్కరే.

“మామా!” అంటూ గదిలోకి పరుగెత్తింది. “నువ్వు తాతవైపోతా ఉండావు!”

మంచం మీద ఆదికేశవులు కళ్ళు పెద్దవయ్యాయి. నరాల జబ్బు ఆయన కాళ్ళూ చేతులూ పడగొట్టి, చివరికి ఊపిరి దగ్గరికి వచ్చింది. తిరుపతి ఆసుపత్రి నుంచి నగరికి తీసుకొచ్చి వారమైంది. మెడలో పెట్టిన గొట్టం గుండా వెంటిలేటర్ గాలి పంపుతుంది. ఆ గొట్టం వల్ల గొంతు పెగలదు. కదిలేవి కళ్ళూ పెదవులే.

పెదవులు చాలు. మరమగ్గాల మోతలో పుట్టి పెరిగినవాళ్ళు మాటను కళ్ళతోనే వింటారు. రూపశ్రీదీ నేతగాళ్ళ ఇల్లే. డిగ్రీ చదివినా ఆ అలవాటు పోలేదు. అందుకే, “మామను సూసుకుంటావా మే?” అని అత్త అడిగితే, “ఓ, అదెంత పని!” అనేసింది. అనేసింది గానీ, ఆ యంత్రంతో ఒంటరిగా ఉండటం ఇదే మొదటిసారి. అది ఉస్సుమన్నప్పుడల్లా తనూ ఊపిరి బిగబట్టి, మళ్ళీ ఉస్సుమన్నాకే వదులుతోంది.

కుర్చీ లాక్కుని మంచానికి ఆనుకుని కూర్చుంది. ఆయన పెదవులు కలిశాయి, విడివడ్డాయి, మళ్ళీ కలిశాయి.

“బాబు?” రూపశ్రీ పకపకా నవ్వింది. “అప్పుడే బాబంటావా? ఇంకా గింజంత కూడా లేదు మామా!”

ఆయన నవ్వలేదు. అదే మాట. మళ్ళీ అదే.

కీక్... కీక్... కీక్...

వెంటిలేటర్ మీద ఎర్ర దీపం వెలిగింది. రూపశ్రీ నర్సు నేర్పింది గుర్తు చేసుకుంది. గొట్టం మడత పడిందా? లేదు. నీళ్ళు చేరాయా? లేదు. కఫం అడ్డుపడిందా? సన్న గొట్టం పెట్టి లాగి చూసింది. ఏమీ రాలేదు. వేలికి తగిలించిన మీటరులో గుండె వేగం మాత్రం పెరిగిపోతోంది.

“ఏమైంది మామా? యాడ నొప్పి?”

‘కాళ్ళు’ అన్నాయి పెదవులు. ‘కాళ్ళు... కాళ్ళు...’

ఆమె కుర్చీలోంచే వంగి ఆయన పాదాలు ఒత్తింది. ఆయన కళ్ళలోంచి నీళ్ళు కారిపోయాయి. రూపశ్రీకి ఏడుపొచ్చింది. భర్తకు వీడియో కాల్ చేసింది.

“బావా, నాకు భయమేస్తా ఉండాది. మామకు సంతోషమైన మాట సెప్తే మిషన్ అరస్తా ఉండాది!”

“ఏం మాట?”

సంగతి చెప్పింది. అటువైపు మునికుమార్ ఎగిరి గంతేశాడు. పక్కనున్న వాళ్ళెవరో, “ఏందప్పా, లాటరీ కొట్టిందా?” అనడం వినిపించింది.

“నాయనను సూపించు!”

ఆమె ఫోన్ మామ ముఖానికి దగ్గరగా పెట్టింది. పెదవులు వణుకుతూ కదిలాయి.

“బాబంటా ఉండాడు!” మునికుమార్ నవ్వాడు. “ముసలాయనకు ఆశ సూడు! ఏం కాదులే, ఆనందం పట్టలేక ఆయాసపడతా ఉండాడు. నువ్వు ఆడనే కూచో, లెయ్యొద్దు. నువ్వు పక్కనుంటే నాయనకు ధైర్యం. సూపర్‌వైజర్ పిలస్తా ఉండాడు, మళ్ళీ చేస్తా.”

ఫోన్ ఆగింది. ఎర్ర దీపం ఆరింది, మళ్ళీ వెలిగింది. రూపశ్రీ కుర్చీని ఇంకా దగ్గరికి జరుపుకుంది. ఆయన పెదవులు మరింత తొందరగా అదే మాట అన్నాయి.

ఈసారి ఆమె మనసు నొచ్చింది. మెడలో గొట్టంతో, అరువు ఊపిరితో ఉండి కూడా మగబిడ్డేనా ఈయనకు కావలసింది?

“ఏం మామా, పాప పుడితే వద్దా? ఆడబిడ్డయితే ఎత్తుకోవా నువ్వు?”

అన్నాక నాలుక కరుచుకుంది. ఎత్తుకోవడానికి ఆయనకు చేతులేవి? ఆయన కనుగుడ్లు ఆమె ముఖం మీది నుంచి కిందికి, కింది నుంచి ముఖం మీదికి తిరుగుతున్నాయి. కడుపు వైపే చూస్తున్నాడనుకుని ఆమె చీర కొంగు సర్దుకుంది.

“నువ్వు ఇట్ల ఆయాసపడితే ఎట్ల మామా? నీకేమన్నా అయితే నేను అత్తకు ఏం సెప్పాల? నువ్వుండాల. ఎవరు పుట్టినా నీ పక్కనే పండుకోబెడతా. ఒట్టు.”

వీధి తలుపు చప్పుడైంది. షెడ్డు నుంచి అత్త పంకజాక్షి వచ్చింది. జుట్టు నిండా నూలు దుమ్ము.

“అత్తా!” రూపశ్రీకి ప్రాణం లేచి వచ్చింది. “నువ్వు నాయనమ్మవైపోతా ఉండావు! మామకు సెప్పినప్పటి నుంచి ఒకటే గోల. రేపు పొద్దున్నే డాక్టరుకు ఫోన్ సేసి అడుగుదాం. ఆనక నేనూ బావా అలిపిరికి పోయి టెంకాయ కొట్టి, బాబయినా పాపయినా సల్లంగా ఉంటే సాలని మొక్కుకుంటాం. సరేనా?”

పంకజాక్షి గడప మీదే నిలబడిపోయింది. ముఖంలో నెత్తురు లేదు. అరవలేదు, అడుగు వేయలేదు. మోతలో ఉన్నట్టు చప్పుడు లేకుండా పెదవులు మాత్రం కదిపింది.

రూపశ్రీ నవ్వేసింది. “నువ్వు కూడా అదే మాటా అత్తా?”

అత్త చూపుడు వేలు మెల్లగా లేచి రూపశ్రీ కుర్చీ కిందికి తిరిగింది.

ఇద్దరూ అన్నది ‘బాబు’ కాదు, ‘పాము’.