మొదటి ముద్ద

"ఆయన పళ్లెంలో మీరు చెయ్యి పెట్టారేంటి?"

రౌదా అరిచిన అరుపుకి భోజనాల గదంతా ఇటు తిరిగి చూసింది.

మోంజీ నోట్లో రొట్టె ముక్క అలాగే ఉండిపోయింది. మనిషికి అరవై ఏళ్లుంటాయి. చొక్కా నిండా పిండి. పక్కన హమ్మాదీ నోరు తెరుచుకుని తన ముద్ద కోసం ఎదురు చూస్తున్నాడు.

బేజా ఊరి చివర, బుద్ధిమాంద్యం ఉన్న పెద్దవాళ్లను ఉంచుకుని చూసుకునే హోమ్ అది. పాత సిబ్బంది ఒక్కరూ మిగల్లేదు. రౌదా పెత్తనం చేతికొచ్చి వారమే అయింది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు కదా, అలా ఉంది ఆమె వరస.

"ఇదేమన్నా సత్రమా? రోజూ వేళకొచ్చి మాంసం పులుసు తిని పోతున్నారంట!"

"ముందు నేను తినకపోతే వీడు తినడు మేడమ్."

"బాగుంది! ఆయన పేరు చెప్పి మీ కడుపు నింపుకోడమా?"

మోంజీ పులుసులో ముంచిన రొట్టె ముక్క హమ్మాదీ నోట్లో పెట్టాడు.

"అసలు మీరాయనకేమవుతారు?"

"నావాడే మేడమ్."

"నోటిమాట చెల్లదు. కాగితం తెండి. కాగితం లేనిదే రేపట్నుంచి గేటు దాటనివ్వను."

"అంతేనా? తెస్తా మేడమ్!" అన్నాడు మోంజీ సంబరంగా.

అన్నట్టే మర్నాడు మధ్యాహ్నం తెచ్చాడు. రౌదా మడత విప్పి చూసింది. కరెంటు బిల్లు.

"ఏంటిది?"

"కాగితం మేడమ్."

"నాతో వేళాకోళమా? వెళ్లండి!"

ఆ మర్నాడు, ఆదివారం, రెండు కాగితాలతో వచ్చాడు. ఒకటి టీకాల కార్డు, రెండోది పాత పేపరు ముక్క.

"నిన్నటిది చాల్లేదేమోనని రెండు తెచ్చాను మేడమ్."

రౌదాకి ఒళ్లు మండింది. "ఇంత వయసొచ్చినా ఈ వెటకారాలేంటండీ మీకు?" అని గేటు వేసేసింది.

మోంజీ చాలాసేపు గేటు బయటే నిలబడి, కాగితాలు రెండూ జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

హమ్మాదీ నోరు మూసుకున్నాడు. వంటావిడ బతిమాలింది. ఆయా చెంచాతో పట్టబోతే తల తిప్పేసుకున్నాడు. తేనె కలిపిన పెరుగు పెట్టినా ముట్టలేదు. పొద్దున ఇచ్చే పాలు రెండు గుక్కలు తాగడం తప్ప లోపలికి ఏమీ పోవడం లేదు. మనిషి మంచానికి అంటుకుపోయాడు.

"రేపటిదాకా చూద్దాం. అప్పటికీ తినకపోతే ఆసుపత్రిలో పెట్టి, ముక్కులో గొట్టం వెయ్యాల్సిందే," అన్నాడు డాక్టరు ఆరో రోజున.

రౌదాకి భయం పట్టుకుంది. ఆ మధ్యాహ్నం తనే పళ్లెం తీసుకుని హమ్మాదీ పక్కన కూర్చుంది. బతిమాలింది. కోప్పడింది. లాభం లేదు.

చివరికి అటూ ఇటూ చూసి, అదే పళ్లెంలో రొట్టె ముంచుకుని తను ఓ ముద్ద తింది.

హమ్మాదీ ఆమె నమిలేదాకా కన్నార్పకుండా చూశాడు. గుమ్మం వైపు ఓసారి చూశాడు. తర్వాత నోరు తెరిచాడు.

పళ్లెం ఖాళీ అయింది. రౌదా వెంటనే లేచింది.

కొంగు నెత్తిన వేసుకుని, ఆయా చెప్పిన రొట్టెల బట్టీకి పరుగులాంటి నడకతో వెళ్లింది.

"మోంజీగారున్నారా? హోమ్ నుంచి వచ్చాను. క్షమించమని అడగాలి. వెంటబెట్టుకుని తీసుకెళ్లాలి."

బట్టీ యజమాని బెషీర్ ముసలివాడు. చేతులు తుడుచుకుంటూ ఆమెను తేరిపార చూశాడు.

"సోమవారం పోయాడు తల్లీ. పొయ్యి ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు."

రౌదా పొయ్యి వైపు చూసింది.

"ఇరవై ఏళ్లు చేశాడు నా దగ్గర. ఒక్క రొట్టె మాడ్చి ఎరగడు, ఒక్కరితో మాట పడి ఎరగడు. మధ్యాహ్నం ఓ గంట మాత్రం అడక్కూడదు. ఆకాశం ఊడిపడినా హమ్మాదీ దగ్గరికి వెళ్లాల్సిందే."

"అలాంటి మనిషిని తిండికి ఆశపడి వస్తున్నాడన్నాను బాబాయ్," అంటూ రౌదా ఏడ్చేసింది. "కాగితం తెమ్మని గేటు బయట నిలబెట్టాను. ఆయన హమ్మాదీకి అన్నా?"

"అన్నా కాదు, తమ్ముడూ కాదు," అన్నాడు బెషీర్. "అప్పట్లో హోమ్ నడిపిన పెద్దాయన చెయ్యి పట్టుకు తెచ్చి నాకు అప్పజెప్పేదాకా, మీ హోమ్‌లో పంతొమ్మిదేళ్లు హమ్మాదీ పక్క మంచం మోంజీదే తల్లీ."