రాలని బొడ్డు

"పెద్దాసుపత్రికి చీటీ రాయాలి. పాప పేరేటి?" అడిగింది నర్సు హేమలత.

"నెల దాటినా బొడ్డు రాల్లేదు. అది రాలందే పేరెట్టకూడదు," అంది ముత్యాలమ్మ. "మా కోడలు కొండదేవతకి మొక్కు ఎగ్గొట్టింది మరి!"

పసిగుడ్డును పొదువుకుని కోడలు బుద్రి తలవంచుకుంది.

"కోడలి తప్పేటి లేదమ్మా. పుండు కాడికి చేరి అతుక్కోడానికి రక్తంలో తెల్లకణాల మీద రిసెప్టరని ఒక కొక్కెం ఉండాల. దాన్ని పట్టుకుని మెరిసే యాంటీబాడీ అనే మందుని ల్యాబులో పాప రక్తం నమూనాలో కలిపి చూశారు. మెరవలేదు. కొక్కెం లేకే బొడ్డు రాలట్లేదు, దాని చుట్టూ పుండు మానట్లేదు. బేగి తీసుకెళ్లాల."

"బతుకుతాదా?" అడిగింది ముత్యాలమ్మ.

హేమలత పాప ముఖం మీంచి చూపు తిప్పుకుని కలం తీసింది.

ముత్యాలమ్మ మనవరాలి తల నిమిరింది. "గురువారం పుట్టిన గుంట. గురుబారి అని రాసుకో."

ఏనాడూ ఆచారం దాటని అత్త పేరెట్టడానికి ఎందుకంత తొందరపడిందో అర్థమై, బుద్రి పాపను గుండెకు అదుముకుంది.