పులుపు బిళ్ళ

విశాఖలో మోచేతి మీద పులుపు బిళ్ళ లేని మనిషి లేడు. ఒళ్ళు అలిసి నెత్తురు పులిసిందంటే అది ఎర్రబడి "ఇక చాలు, కూర్చో" అంటుంది. అందాకా ఆకుపచ్చగా ఉంటుంది. వరహాలు మొగుడు సన్యాసిరావు బిళ్ళ రెండు బిందెలు మోస్తే చాలు, ఎర్రబడేది. ఆవిడది పొద్దుగూకినా పచ్చగానే ఉండేది.

ఆ రోజు ఈతకొలను దగ్గర రాష్ట్ర జట్టు ఎంపిక. ఒంట్లో ఉన్నదంతా పెట్టి ఈదినవాళ్ళనే తీసుకోవాలని నియమం. వరహాలు కూతురు లాస్య ఆడపిల్లల్లో మొదట వచ్చింది కానీ, బిళ్ళ ఎర్రబడలేదు.

"ఒళ్ళు దాచుకుందమ్మా, తీసుకోలేం" అన్నాడు కోచ్. లాస్య తువాలులో ముఖం దాచుకుంది.

వరహాలు తొమ్మిదో తరగతితోనే బడి మానేసింది. అయినా అడిగింది.

"ఆ ఎరుపు గీత ఎవర్ని చూసి గీసారు బాబూ?"

"మగ ఈతగాళ్ళని."

"మరదేటి? పెరుగంత పులవలేదని దోసెల పిండి పారబోస్తామా? ఆడపిల్ల నెత్తురు ఎంత పులుస్తాదో అంతే పులుస్తాది."

కోచ్ తల గోక్కుని బిళ్ళలో 'మగ' తీసి 'ఆడ' పెట్టాడు. అది ఇందాకటి ఈతని మళ్ళీ లెక్కగట్టి ఎర్రగా వెలిగింది. లాస్య పేరు జాబితాకెక్కింది.

ఇంటికొచ్చి, రేపటికి పిండి రుబ్బి, నిన్నటి పిండి బయటికి తీసి, వరహాలు తన బిళ్ళ తిప్పి చూసుకుంది. కొన్ననాటి నుంచీ అదీ 'మగ' మీదే ఉంది. మార్చగానే ఎర్రబడి కూర్చోమంది.

ఆవిడ సోఫాలో మొగుడి పక్కనే కూర్చుని, గరిటె అతని చేతికిచ్చింది.

"నీ బిళ్ళ పచ్చగుంది. లేచి దోసెలెయ్యి."